'డి' డ్రైవు ఎక్కడికి పోయింది?

ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం వ్రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు కబురు చేసినప్పుడు, డి.ఎ. బకాయిల గురించో, పాత రోజుల జమాబందీ క్యాంపుల గురించో అడుగుతారనుకున్నాను. "అవి వ్రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. మన సంఘం కంప్యూటరులో ఆనాడు జరిగిన అనర్థం ఏమిటో, ఎందుకు జరిగిందో అందరికీ అర్థమయ్యేట్టు మీరు వ్రాయండి" అన్నారు. ఆ అనర్థానికి కారకుణ్ణి నేనే కనుక కాదనలేకపోయాను. అయితే అది అర్థం కావాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. పాఠక మిత్రులు ఓపిక పట్టవలసిందిగా మనవి.

మన ఇళ్ళలోని కంప్యూటర్లలో 'సి' డ్రైవు, 'డి' డ్రైవు అని ఉండటం అందరూ చూసినదే. మరి 'ఎ', 'బి' ఏమైనాయి తాతయ్యా అని మా మనుమరాలు ఒకనాడు అడిగింది. ఆ పిల్ల ఫ్లాపీ అనే వస్తువును కంటితో చూడలేదు. బీరువాలోంచి ఒకటి తీసి చూపిస్తే, "ఇది సేవ్ బొమ్మ కదా!" అంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయి నేను చాలా దూరం చదవవలసి వచ్చింది.

డిస్కులకు అక్షరాలతో పేరు పెట్టే ఆచారం 1960ల నాటిది. ఐబిఎం కంపెనీ వారు అమెరికాలోని కేంబ్రిడ్జిలో పెద్ద కంప్యూటర్ల కోసం తయారుచేసిన సి.ఎం.ఎస్. అనే వ్యవస్థలో, వాడుకరికి కేటాయించిన డిస్కు భాగాలను ఒక్కొక్క అక్షరంతో పిలిచేవారు. దానిని చిన్న కంప్యూటర్లలోకి తెచ్చినవారు గ్యారీ కిల్డాల్ గారు. ఆయన కాలిఫోర్నియాలోని మాంటెరేలో నౌకాదళ విద్యాసంస్థలో పాఠాలు చెప్పిన మనిషి. 1974లో సి.పి./ఎం. అనే కార్యక్రమం వ్రాశారు. అప్పటి ఫ్లాపీ ఎనిమిది అంగుళాల వెడల్పు, మన భోజనం ప్లేటంత. దానిలో పట్టేది పావు మెగాబైటు. మొదటి ఫ్లాపీ పెట్టే అర 'ఎ', రెండవది 'బి'. అంతే, అంతకు మించి ఆలోచన లేదు.

ఇక్కడే ఒక సంగతి గమనించమని కోరుతున్నాను. 'ఎ' అన్నది ఫ్లాపీ పేరు కాదు, అది దూరే సందు పేరు. ఈ పూట అందులో జీతాల ఫ్లాపీ ఉండవచ్చు, రేపు పిల్లల ఆటల ఫ్లాపీ ఉండవచ్చు. ఏది పెట్టినా అది 'ఎ' డ్రైవే. చేతితో పెట్టి చేతితో తీసే రోజులలో దీనివల్ల ఇబ్బంది లేదు. ఫ్లాపీ మీద అంటించిన కాగితం చదువుకుంటే సరిపోయేది.

1980లో సియాటిల్ నగరంలో టిమ్ పాటర్సన్ గారు సి.పి./ఎం. పద్ధతులను అనుసరించి మరొక కార్యక్రమం వ్రాశారు. దానిని మైక్రోసాఫ్ట్ వారు 1981 జూలైలో కొనుక్కున్నారు. అదే డాస్ అయింది. ఆ సంవత్సరం ఆగస్టు 12న ఐబిఎం వారి పర్సనల్ కంప్యూటరు దానితోనే బయటికి వచ్చింది. 'ఎ', 'బి' అక్షరాలూ వెంట వచ్చాయి. ఒకే ఫ్లాపీ అర ఉన్న కంప్యూటరులో కూడా డాస్ 'బి'ని వదలలేదు. 'బి' డ్రైవు ఫ్లాపీ పెట్టి ఏదైనా మీట నొక్కండి అని తెర మీద అడిగేది, మనం అదే సందులో రెండవది పెట్టేవాళ్ళం. ఒక గుమాస్తాకే రెండు సీట్లు ఇన్‌ఛార్జి ఇచ్చినట్లన్నమాట.

1983 మార్చిలో ఐబిఎం వారు ఎక్స్.టి. అనే నమూనా విడుదల చేశారు. దానిలో పది మెగాబైట్ల హార్డ్ డిస్కు ఉంది. అంటే అప్పటి ఫ్లాపీలు దాదాపు ఇరవై ఎనిమిది. 'ఎ', 'బి' ఫ్లాపీలకు పోయాయి కనుక దానికి 'సి' వచ్చింది. ఆ 'సి' నాటి నుంచి నేటి వరకు కదలలేదు. ఫ్లాపీలు పోయి ఇన్నేళ్ళైనా ఆ రెండు సీట్లు ఖాళీగానే ఉంచారు. విండోస్ తనంతట తాను కొత్త డిస్కుకు అక్షరం ఇచ్చేటప్పుడు ఈనాటికీ 'సి' నుంచే లెక్క మొదలుపెడుతుంది. జపానులో ఎన్.ఇ.సి. కంపెనీ పి.సి.-98 కంప్యూటర్లలో మాత్రం, హార్డ్ డిస్కు నుంచి నడిస్తే అదే 'ఎ' డ్రైవు. కాబట్టి 'సి' అన్నది శాసనమేమీ కాదు, అలవాటు.

ఒకే డిస్కులో 'సి', 'డి', 'ఇ' అని ముక్కలు ఎందుకు వచ్చాయంటే, డాస్ తొలి రోజులలో 32 మెగాబైట్లకు మించిన డిస్కును ఒకే ముక్కగా లెక్కపెట్టలేకపోయేది. 40 మెగాబైట్ల డిస్కు కొన్నవాడు దానిని విడగొట్టుకోవలసిందే. 1987లో వచ్చిన 3.3 డాస్ అందుకు వీలు కల్పించింది. మొదటి భాగాన్ని ప్రైమరీ అన్నారు, మిగిలినదానిని ఎక్స్‌టెండెడ్ అని దానిలో లాజికల్ డ్రైవులు చేశారు. ఆ పరిమితి త్వరలోనే పోయింది గానీ విడగొట్టే అలవాటు పోలేదు. ప్రోగ్రాములు 'సి'లో, మన లెక్కలు 'డి'లో. మంచి పద్ధతే.

ఇక నేను స్వయంగా దెబ్బ తిన్న మొదటి సందర్భం చెబుతాను. 1996లో నేను పనిచేస్తున్న కార్యాలయంలో ఒక 486 కంప్యూటరు ఉండేది. జీతాల బిల్లులు ఫాక్స్‌ప్రోలో వ్రాయించుకున్న ప్రోగ్రాముతో తీసేవాళ్ళం. లెక్కలన్నీ 'డి'లో ఉండేవి. డిస్కు నిండిపోతున్నదని పైవారికి వ్రాసి, కొటేషన్లు తెప్పించి, చివరకు రెండవ డిస్కు ఒకటి కొని పెట్టించాము. బిగించిన కుర్రవాడు సాయంత్రం వెళ్ళిపోయాడు. మర్నాడు ఉదయం ప్రోగ్రాము తెరిస్తే 'ఫైల్ నాట్ ఫౌండ్' అన్నది. 'డి' డ్రైవు చూస్తే శుభ్రంగా ఖాళీ. నూట ముప్ఫై మంది జీతాలు, జి.పి.ఎఫ్. కోతలు, అప్పుల వాయిదాలు, అన్నీ మాయం. బిల్లు ట్రెజరీకి పంపే గడువు రెండు రోజులు. మా సూపరింటెండెంటు గారు నా మొహం చూశారు, నేను డిస్కు పెట్టె మొహం చూశాను. పాత పద్ధతిలో చేతితో వ్రాయటానికి ఎక్విటెన్స్ రోల్ కాగితాలు తెప్పించి కూర్చున్నాము కూడా. మధ్యాహ్నం ఆ కుర్రవాడు తాపీగా వచ్చి, 'ఇ' అని కొట్టి ఎంటరు నొక్కి, జాబితా తీశాడు. అంతా అక్కడ ఉన్నది! "మీ 'డి' ఇప్పుడు 'ఇ' అయింది సార్" అన్నాడు. అది చెప్పి వెళితే అతని సొమ్మేం పోయింది?

ఎందుకలా జరిగిందో తరువాత తెలుసుకున్నాను. డాస్‌కు జ్ఞాపకం లేదు. ప్రతి ఉదయం స్విచ్చి వేయగానే ఉన్న డిస్కులను వరుసగా నిలబెట్టి అక్షరాలు పంచేది. వరుస ఏమిటంటే, ముందు ప్రతి డిస్కులోని ప్రైమరీ భాగానికీ ఒక్కొక్కటి, ఆ తరువాతనే లాజికల్ భాగాలకు. మా పాత డిస్కు ప్రైమరీకి 'సి' వచ్చింది. కొత్త డిస్కులో ప్రైమరీ ఉన్నది గనుక దానికి 'డి' పోయింది. మా పాత 'డి' లాజికల్ అవటంవల్ల వెనక్కి జరిగి 'ఇ' అయింది. నిన్న చేరినవాడు సీనియారిటీ జాబితాలో పైకి ఎక్కటం మనం ఎరుగనిది కాదు గానీ, యంత్రం కూడా ఆ పని చేస్తుందని నాకు తెలియదు.

మన రెవెన్యూ మిత్రులకు ఈ విషయం తేలికగా తెలుస్తుంది. కలెక్టరేటులో 'ఎ' సెక్షన్ అంటే ఎస్టాబ్లిష్‌మెంటు, 'బి' అకౌంట్లు, 'సి' మెజిస్టీరియల్. ఫైలు నంబరు పక్కన 'సి2' అని ఉంటే అది సీటు. ఆ సీటులో ఎవరు కూర్చున్నారో ఫైలుకు పట్టదు. అయితే మన దగ్గర ఆ సీటు ఎవరిదో చెప్పే ఆఫీసు ఆర్డరు ఉండేది, చార్జి లిస్టు ఉండేది. డాస్‌లో ఆర్డరు లేదు, చార్జి లేదు. తలుపు తీయగానే ముందు వచ్చినవాడు ముందు కుర్చీలో కూర్చోవటమే. తాత్కాలికపు సర్దుబాట్లు మాత్రం చాలా కనిపెట్టారు. అసైన్ అనే ఆజ్ఞ ఒక అక్షరానికి వచ్చిన పనిని మరొక డ్రైవుకు మళ్ళించేది. సబ్‌స్ట్ అనేది ఒక ఫోల్డరుకు డ్రైవు వేషం వేసేది. సి.డి.కి కావలసిన అక్షరం ఇవ్వటానికి ఎం.ఎస్.సి.డి.ఇ.ఎక్స్. అనే ప్రోగ్రాములో వీలుండేది. విండోస్ 95లో కూడా సి.డి. డ్రైవుకు అక్షరం రిజర్వు చేయవచ్చుగానీ, హార్డ్ డిస్కులకు పాత వరుసే.

ఆఫీసు ఆర్డరు పద్ధతి మొదట తెచ్చినది 1993 జూలైలో వచ్చిన విండోస్ ఎన్.టి. దానిలో డిస్క్ అడ్మినిస్ట్రేటర్ అనే ప్రోగ్రాము ఉండేది. ఫలానా డిస్కులో ఫలానా భాగానికి ఫలానా అక్షరం అని మనం ఒకసారి నిర్ణయిస్తే, దానిని రిజిస్ట్రీ అనే తన దఫ్తరులో వ్రాసి పెట్టుకునేది. కొత్త డిస్కు వచ్చినా పాతవాటి అక్షరాలు చెదిరేవి కావు. డిస్కును ఆనవాలు పట్టటానికి దాని మొదటి సెక్టారులో నాలుగు బైట్ల గుర్తు ఒకటి వ్రాసేవారు. దానిని ఆంగ్లంలో సంతకం అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. ట్రెజరీలో స్పెసిమెన్ సంతకం చూసి పెన్షను ఇచ్చినట్లే.

2000 ఫిబ్రవరిలో విడుదలైన విండోస్ 2000లో ఈ ఏర్పాటును ఇంకా గట్టిపరిచారు. మౌంట్ మేనేజర్ అనే అంతర్గత ప్రోగ్రాముకు ఈ బాధ్యత అప్పగించారు. దాని రిజిస్టరు పేరు మౌంటెడ్ డివైసెస్. అక్షరానికి ఒక పద్దు. సాధారణ హార్డ్ డిస్కు అయితే ఆ పద్దులో పన్నెండు బైట్లు ఉంటాయి. నాలుగు డిస్కు సంతకం, ఎనిమిది ఆ భాగం డిస్కులో ఎక్కడ మొదలవుతుందో చెప్పే కొలత. కొత్త తరహా జి.పి.టి. డిస్కులకు పదహారు బైట్ల పెద్ద గుర్తింపు సంఖ్య ఉంటుంది. పెన్ డ్రైవు అయితే దాని తయారీ వివరాలు, సీరియల్ నంబరు చూసి పోల్చుకుంటుంది. అక్షరంతో నిమిత్తం లేకుండా ప్రతి భాగానికీ ఒక పొడవాటి శాశ్వత నామం కూడా ఇస్తుంది. అది మన సర్వీసు రిజిస్టరు వంటిది, సీటు మారినా మారదు. ఒక డిస్కును ఉన్నదున్నట్లు నకలు తీస్తే సంతకం కూడా నకలవుతుంది. రెండూ ఒకే కంప్యూటరుకు తగిలిస్తే ఈనాటి విండోస్ రెండవదానిని పక్కన నిలబెట్టి ఆఫ్‌లైన్ అంటుంది. ఒకే పి.పి.ఓ. నంబరుతో ఇద్దరు వచ్చినప్పుడు ట్రెజరీ వారు ఏం చేస్తారో అదే.

యూనిక్స్ వారికి ఈ అక్షరాల గొడవ మొదటి నుంచీ లేదు. 1970ల నాటి నుంచి వారు డిస్కులన్నిటినీ ఒకే చెట్టుకు కొమ్మలుగా తగిలించేవారు. అయినా వారి వారసుడైన లైనక్స్‌లో డిస్కు పరికరాలకు ఎస్.డి.ఎ., ఎస్.డి.బి. అని వరుస పేర్లు వచ్చి, అవి తారుమారై, చివరకు వారూ ప్రతి భాగానికీ విశిష్ట సంఖ్య పెట్టి దానితోనే పిలుచుకోవటం నేర్చుకున్నారు. ఎవరి దారిలో వారు వచ్చి ఒకే చోటికి చేరారు.

మరి యంత్రానికి ఇంత జ్ఞాపకం వచ్చిన తరువాత మన సంఘంలో అనర్థం ఎలా జరిగింది?

మన సభ్యుల రిజిస్టరు, పి.పి.ఓ. నకళ్ళు, ఫ్యామిలీ పెన్షను దరఖాస్తుల స్కాన్ ప్రతులు కంప్యూటరు 'డి' డ్రైవులో ఉండేవి. ప్రతి శనివారం వాటిని బయటి హార్డ్ డిస్కు ఒకదానికి నకలు తీసి, డిస్కును బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళం. ఆ నకలు తీసే నాలుగు లైన్ల ప్రోగ్రాము నేనే వ్రాశాను. 'డి' నుంచి 'ఇ'కి కాపీ చేయి, అయిపోగానే ఎన్ని ఫైళ్ళో చెప్పు. అంతే. డిస్కు తగిలించగానే ప్రతిసారీ 'ఇ' అనే వచ్చేది. రెండేళ్ళు నిక్షేపంగా నడిచింది.

2018 జూన్‌లో ఒక మిత్రుడు ఏదో జి.ఓ. ప్రింటు తీసుకోవటానికి పెన్ డ్రైవు తెచ్చి పెట్టారు. అప్పుడు మన డిస్కు బీరువాలో ఉన్నది. 'ఇ' సీటు ఖాళీగా కనిపించింది. విండోస్ దానిని పెన్ డ్రైవుకు ఇచ్చి, పాత పద్దు కొట్టివేసి కొత్త పద్దు వ్రాసుకున్నది. సెలవులో ఉన్నవాడి కుర్చీలో మరొకరిని కూర్చోబెట్టి ఆర్డరు కూడా ఇచ్చేసినట్లు. మిత్రుడు పెన్ డ్రైవు మరచి వెళ్ళారు. అది కంప్యూటరు వెనుక పక్క ఉండటంవల్ల ఎవరి కంటా పడలేదు. శనివారం డిస్కు తగిలిస్తే దానికి 'ఎఫ్' వచ్చింది. నేను చూడలేదు. నా ప్రోగ్రాము 'ఇ'కి కాపీ చేసి, ఇన్ని ఫైళ్ళు అయినాయి అని వినయంగా చెప్పింది. నేను డిస్కు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఏడు నెలల పాటు ప్రతి శనివారం ఇదే తంతు. డిస్కు వచ్చేది, ఊరికే కూర్చునేది, వెళ్ళేది.

జనవరిలో ఆ మిత్రుడికి పెన్ డ్రైవు జ్ఞాపకం వచ్చింది. తీసుకువెళ్ళి, ఫార్మాటు చేసి, భక్తి పాటలు ఎక్కించుకున్నారు. ఆయన తప్పు ఏమీ లేదు. అందులో ఏమున్నదో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. పది రోజుల తరువాత మన కంప్యూటరు డిస్కు కరకరమని శబ్దం చేసి ఆగిపోయింది. కంగారేమీ లేదు, నకలు ఉన్నదని ధీమాగా బీరువా తెరిచాను. కడపటి ఫైలు జూన్ మొదటి వారానిది.

పోయిన ఏడు నెలల కాగితాలలో చాలావరకు సభ్యుల ఇళ్ళలో ఉన్నాయి, మళ్ళీ తెప్పించుకున్నాము. కానీ ఒక సోదరి విషయంలో అలా కుదరలేదు. పి.పి.ఓ.లో ఆమె పేరు ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా ఉన్నది. రెండూ ఒకరేనని చెప్పే ఆధారం ఆమె భర్త సర్వీసు రిజిస్టరులోని ఒక పుట, ధ్రువీకరించిన నకలు. అది దరఖాస్తుతో వెళ్ళి తిరిగి రాలేదు. దాని స్కాన్ ప్రతి అక్టోబరులో నా చేతులతోనే కంప్యూటరులోకి ఎక్కించాను. "మీ దగ్గర ఉన్నదన్నారు కదా అన్నయ్యగారూ" అని ఆమె ఫోనులో అడిగితే ఏమని చెప్పను? ఆ పాత కార్యాలయానికి నేనూ, కోశాధికారి గారూ ఆరుసార్లు తిరిగాము. రికార్డు రూములో ఆ రిజిస్టరు దొరకటానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆమెకు ఫ్యామిలీ పెన్షను లేదు. తరువాత బకాయిలతో సహా వచ్చింది. కానీ ఆ మధ్య ఆమె ఇల్లు ఎలా గడిచిందో నేను అడగలేదు, అడిగే ముఖం లేదు.

ఇప్పుడు ఏం చేస్తున్నామో చెబుతాను. ఇళ్ళలో ఇలా నకళ్ళు తీసుకునేవారికి ఉపయోగపడవచ్చు. బయటి డిస్కు తగిలించి, స్టార్ట్ బొమ్మ మీద మౌసు కుడి బటను నొక్కితే డిస్క్ మేనేజ్‌మెంట్ అని కనిపిస్తుంది. దానిలో మన డిస్కు భాగం మీద మళ్ళీ కుడి బటను నొక్కి, డ్రైవ్ లెటర్ మార్చే వరుసను ఎంచుకుని, వెనుక అక్షరం ఏదైనా ఇవ్వాలి. విండోస్ ఖాళీ అక్షరాలను ముందు నుంచి వెతుకుతూ పోతుంది గనుక, వెనుక బెంచీలో కూర్చున్నవాడి సీటు జోలికి సాధారణంగా రాదు. ఇదే పనిని డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రాముతో మాటలు కొట్టి కూడా చేయవచ్చు. 'లిస్ట్ వాల్యూమ్' అంటే జాబితా వస్తుంది, 'సెలెక్ట్ వాల్యూమ్' అని నంబరు చెప్పాలి, 'అసైన్ లెటర్' అని సమానం గుర్తు పెట్టి అక్షరం చెప్పాలి. అయితే అందులో 'క్లీన్' అనే ఆజ్ఞ ఒకటి ఉన్నది. అది మారు ప్రశ్న వేయకుండా డిస్కును తుడిచేస్తుంది. చేతి వణుకు ఉన్న నా వంటివారు డిస్క్ మేనేజ్‌మెంట్ తోనే సరిపెట్టుకోవటం మేలు. 'సి' జోలికి ఎలాగూ పోకూడదు.

ఇంకొక మాట. ఈ అక్షరం పద్దు డిస్కులో ఉండదు, కంప్యూటరులో ఉంటుంది. అదే డిస్కును మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే అక్కడి సీటు వేరు. విండోస్ కొత్తగా ఎక్కించినా పాత పద్దులు పోతాయి. మన సంఘం కంప్యూటరు మార్చినప్పుడు మళ్ళీ మొదటి నుంచి చేసుకున్నాము. అందువల్ల అక్షరం ఒక్కదానినే నమ్మటం మానేశాను. డిస్కులో ఒక గుర్తు ఫైలు పెట్టాను. నా ప్రోగ్రాము ముందు ఆ ఫైలు ఉన్నదా అని చూస్తుంది, లేకపోతే కాపీ చేయకుండా ఆగిపోయి ఎర్ర అక్షరాలతో అరుస్తుంది. నకలు అయిన తరువాత కోశాధికారి గారు వచ్చి, డిస్కులోంచి ఆ వారపు ఫైలు ఒకటి తెరిచి చూసి, రిజిస్టరులో పొట్టి సంతకం చేస్తారు. శనివారం ఆయన రాకపోతే డిస్కు బీరువాలోకి పోదు.

మన డిస్కుకు ఇచ్చిన అక్షరం 'పి'. అన్ని అక్షరాలుండగా అదే ఎందుకని మొన్న ఒక మిత్రుడు అడిగారు. పెన్షను అని చెప్పాను.